గొట్టంలో పెట్టారా, లేదా?

మా ఆయనకి ఈత రాదు. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. సముద్రంలో మునిగేవాళ్ళు చేతికి కట్టుకునే గడియారాలకి బ్యాటరీలు మారుస్తాడని తెలియగానే అందరూ ఆయన్ని గజ ఈతగాడనుకుంటారు. మోకాలి లోతు నీళ్ళు కనిపిస్తే చాలు, ప్యాంటు పైకి మడిచి, నా భుజం కోసం తడుముకునే మనిషి ఆయన. పెళ్ళయిన కొత్తలో అది ప్రేమనుకున్నాను. తర్వాత తెలిసింది, ఒట్టి భయం.

ముప్పై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్నాడు. మా ఇంటి ముందు గదే కొట్టు. వీధిలోకి ఒక తలుపు, వంటింట్లోకి ఒక తలుపు. నేను పొయ్యి దగ్గర నిలబడితే ఆయన బట్టతల, దాని మీద వంగిన దీపం కనిపిస్తాయి. ఫోన్లు వచ్చాక చేతికి గడియారం కట్టుకునేవాళ్ళు తగ్గారు. బల్ల ముందు కూర్చుని ఈగలు తోలుకుంటున్న రోజుల్లో రేవులో మునిగే పని చేసే ఒక పొడుగాయన వచ్చాడు. పేరు అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ తెలియదు. మాకు పొడుగాయనే.

ఆయన చేతిలో అరచేతంత గడియారం ఒకటి ఉంది. డైవ్ కంప్యూటరట. ఎంత లోతు దిగారో, ఎంతసేపు ఉన్నారో, ఎప్పుడు పైకి రావాలో చెబుతుందట. మేం దానికి లోతు గడియారం అని పేరు పెట్టుకున్నాం. పాతదైపోయింది, బ్యాటరీ లోపలే మూసేసి ఉంటుంది, పారేసి కొత్తది కొనుక్కోమని అమ్మినవాళ్ళు అన్నారట. నడిచే గడియారాన్ని పారేయమంటే మా ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అక్కడికక్కడే విప్పాడు, బ్యాటరీ మార్చాడు, మూశాడు. పొడుగాయన సంతోషంగా పట్టుకెళ్ళి మునిగాడు. మర్నాడు తెచ్చి బల్ల మీద పెడితే దాని కడుపునిండా సముద్రమే. కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది.

ఇంకెవరైనా అయితే అక్కడితో చెంపలేసుకునేవారు. ఈయన మూడు నెలలు దాని వెంటపడ్డాడు. లోపల సన్నటి రబ్బరు ఉంగరం ఒకటుంటుందనీ, దానికి గ్రీజు రాయాలనీ, దాని మీద ఒక్క తలవెంట్రుక పడినా నీళ్ళు దూరతాయనీ తెలుసుకున్నాడు. ఆ మూడు నెలలూ నన్ను జుట్టు విరబోసుకుని కొట్టులోకి రానివ్వలేదు. ఆ తర్వాత గొట్టం చేయించాడు. మందపాటి గాజులాంటి ప్లాస్టిక్ గొట్టం, రెండు వైపులా ఇనుప మూతలు, పక్కన సైకిలు పంపు, పైన ఒత్తిడి చూపించే ముల్లు. బ్యాటరీ మార్చిన గడియారాన్ని అందులో నీళ్ళు పోసి ముంచుతాడు. ఇరవై మీటర్ల లోతులో ఎంత ఒత్తిడి ఉంటుందో అంత వచ్చేదాకా పంపు కొడతాడు. అలా వదిలేసి ఒక కప్పు టీ తాగుతాడు. టీ అయ్యేలోపు బుడగ రాకపోతే గడియారం గట్టిది. ఆ టీ తాగకుండా ఒక్క గడియారాన్నీ గడప దాటించలేదు. కాబట్టి రోజుకి ఎన్ని గడియారాలో నాకు అన్ని టీలు. ఆ కష్టం ఎవరూ చెప్పుకోరు.

ఇక ఆయన మతిమరుపు. పనిలో చెయ్యి గడియారంలా నడుస్తుంది, బుర్ర మాత్రం ఎక్కడో ఉంటుంది. తాళం వేసి నాలుగడుగులు వేశాక "వేశానా?" అని వెనక్కి వెళ్ళి చూస్తాడు. వేసే ఉంటుంది. మళ్ళీ నాలుగడుగులు. కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. అయోమయం మారాజు అని నేను పెట్టిన పేరు మా ఆడపడుచు కూడా వాడుతుంది. అలాంటి మనిషి అయోమయం మీద ఒక కాపురం వేలాడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆ రోజు పొద్దున్న పది గంటలకి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. చేతిలో రుమాలులో చుట్టిన లోతు గడియారం. పాత రకం, ఏ తారీకున మునిగారో కూడా దాచుకోనిది.

"బాబాయ్ గారూ, దీనికి బ్యాటరీ వెయ్యండి. చివరిసారి మునిగినప్పటి లెక్క లోపల ఉంటుందా?"

"ఉండాలమ్మా. బ్యాటరీ పోతే టైము పోతుందిగానీ మునకల లెక్క పోదు. చివరి తొమ్మిదో పదో ఉంటాయి. అయితే నేనెప్పుడూ చూడను. ఎవరు ఎంత లోతు మునిగితే నాకెందుకు?"

"ఈసారి చూడండి. నాకోసం చూసి చెప్పండి," అంది.

మా ఆయన తల గోక్కున్నాడు. నేను వంటింట్లోంచి వచ్చి ఆ అమ్మాయిని కూర్చోబెట్టాను. నా నోట్లో నువ్వు గింజ నానదంటారుగానీ ఎదుటివాళ్ళ చేత మాట్లాడించడం కూడా నాకు వచ్చు.

గడియారం వాళ్ళాయనది. ఆయనా, ఈ అమ్మాయి తమ్ముడూ ఇద్దరూ రేవులో మునిగేవాళ్ళే, నీళ్ళ కింద స్తంభాలకి మరమ్మతు చేసేవాళ్ళు. మూడేళ్ళ కిందట ఒకరోజు ఇద్దరూ కలిసి దిగారు. బావ పైకొచ్చాడు. తమ్ముడు రాలేదు, కింద పాత తీగల్లో చిక్కుకున్నాడు. రేవు కాపలా మనిషి సాయం కోసం పరుగెత్తి, జనాన్ని వెంటబెట్టుకుని అరగంటకి తిరిగొచ్చేసరికి బావ రేవు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"కూర్చుని ఉన్నాడు పిన్నీ. నా తమ్ముడు నీళ్ళ కింద ఉంటే ఆయన మెట్ల మీద కూర్చున్నాడు. చూసినవాళ్ళందరూ అదే చెప్పారు. నేనడిగితే ఒకటే మాట, 'నేనొచ్చాను, వాడు రాలేదు' అని. మూడేళ్ళలో ఇంకో మాట రాలేదు ఆ నోట్లోంచి."

దినాలయ్యాక బట్టలు సర్దుకుని అమ్మ దగ్గరికి వచ్చేసింది. ఆ సర్దుకోవడంలో ఈ గడియారం ఎలాగో పెట్టెలోకి వచ్చింది. వాళ్ళాయన ఆ రోజు తర్వాత నీళ్ళలో దిగలేదు. రేవు పక్కన పడవల యార్డులో గేటు దగ్గర పని చేస్తున్నాడు. ఇప్పుడు ఇంకో ఊరికి మారుస్తున్నారు. సోమవారం లోపు వస్తావో రావో చెప్పమని, రాకపోతే ఇక అడగనని కబురు పెట్టాడు. అది శుక్రవారం.

"కింద వాడి కోసం ఎంతసేపు వెతికాడో తెలిస్తే చాలు పిన్నీ. వెతక్కుండా వచ్చేసినవాడితో నేను కాపురం చెయ్యలేను. వెతికాడంటే..." అని ఆగిపోయింది. నాలుగింటికి వస్తానని లేచింది.

మా ఆయన "చూద్దాం, చూద్దాం" అంటూ గడియారాన్ని బల్ల మీద పెట్టాడు. అక్కడ అప్పటికే మునగడం నేర్పే బడి నుంచి వచ్చిన ఆరు గడియారాలు వరుసగా ఉన్నాయి. పక్కన పెట్టవయ్యా మగడా అని అప్పుడే అనాల్సింది. అనలేదు.

ఆ పూట ఎన్ని అవాంతరాలు రావాలో అన్నీ వచ్చాయి. కరెంటు పోయింది. ఆడపడుచు ఫోన్ చేసి ముప్పావుగంట తన మోకాళ్ళ గురించి చెప్పింది. ఈయన ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో పని చేస్తూనే ఉన్నాడు. నేను టీలు పెడుతూనే ఉన్నాను. రెండున్నరకి ఒక్క కేక వినిపించింది.

"ఏమే, ఇటు రా! దిగాడే! మళ్ళీ దిగాడు!"

తడి చేతులతోనే పరుగెత్తాను. ఆ అమ్మాయి గడియారం వెలుగుతోంది. మీట నొక్కి చూపించాడు. అన్నిటికన్నా చివరి మునక పద్దెనిమిది మీటర్లు, తొమ్మిది నిమిషాలు. దానికి ముందుది పంతొమ్మిది మీటర్లు, నలభై ఒక్క నిమిషం.

"నలభై ఒక్క నిమిషం ఇద్దరూ పని చేసింది. పైకొచ్చాడు, పిల్లాడు రాలేదని చూశాడు, మళ్ళీ దిగి తొమ్మిది నిమిషాలు వెతికాడు. కాపలా మనిషి వచ్చేసరికి బయటికొచ్చి కూర్చున్నాడు. అర్థమైందా?"

నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ఆ అమ్మాయి మొహం ఎలా వెలుగుతుందో అప్పుడే కనిపించినట్టయింది. అంతలో మా ఆయన మొహం మారిపోయింది. గొట్టం వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. మళ్ళీ గొట్టం వైపు చూశాడు.

"ఏమే, నేను దీన్ని గొట్టంలో పెట్టానా?"

అప్పుడు నాకూ వెలిగింది. గొట్టంలో పెట్టి పంపు కొడితే గడియారానికి అది గొట్టమని ఏం తెలుసు? సముద్రమనే అనుకుంటుంది. ఒక మునక రాసుకుంటుంది. లోతు ఇరవైకి కాస్త అటూ ఇటూ. ఎంతసేపూ అంటే ఒక టీ. మా ఆయన టీ తాగడానికి తొమ్మిది నిమిషాలే పడుతుంది, చల్లారబెట్టుకుని తాగుతాడు కాబట్టి.

"పెట్టారా, లేదా?"

"పెట్టినట్టే ఉంది."

"అయితే పెట్టారు."

"పెట్టనట్టూ ఉంది. మూత బిగించాను, గుర్తుంది. తర్వాత అక్క ఫోన్... లేక ఫోన్ తర్వాత మూతా?"

"ఎన్ని టీలు తాగారు?"

"నువ్వు చెప్పాలి, నువ్వే కదా పెట్టింది."

లెక్కేశాను. ఆరు అని ఒకసారి, ఏడు అని ఒకసారి వచ్చింది. కరెంటు పోయినప్పుడు ఒకటి నేనే తాగేశానేమో. తుడిచే గుడ్డ చూశాం, తడిగానే ఉంది. ఆరు గడియారాలు తుడిచిన గుడ్డ తడిగా ఉండక ఏం చేస్తుంది? ఇంతకాలం ఆయన్ని తిట్టిపోసిన నేను, ఒక్క పూట టీలు లెక్క చెప్పలేకపోయాను. తల ప్రాణం తోకకొచ్చింది.

"సరే, ఒక మాట చెబుతా వినండి. దిగాడనే చెప్పేయండి," అన్నాను.

"తెలియకుండానా?"

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఉన్న కాపురం నిలబెట్టడానికి ఒక్కటి ఆడలేరా? అదీ అబద్ధమో కాదో కూడా తెలియని అబద్ధం!"

"ఆ పిల్ల నా నోటి మాట పట్టుకుని బతకడానికి పోతుందే. రేపు వాళ్ళాయనే నేను దిగలేదు అంటే? అప్పుడు దాని గతేంటి?"

"దిగలేదని చెబితే మాత్రం? అది మీ గొట్టం తప్పయితే? ఒక అమాయకుణ్ణి వీధిన పడేసినట్టు కాదా?"

"కాదనను. అందుకే కదా నాకు చెమటలు పడుతున్నాయి!" అని అరిచాడు. ఎప్పుడూ అరవని మనిషి. ఇద్దరం చెరో స్టూలు మీద కూలబడ్డాం.

నాలుగు కాకుండానే ఆ అమ్మాయి వచ్చేసింది. మా మొహాలు చూసి గుమ్మంలోనే ఆగింది. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"అమ్మా, చివరి మునక తొమ్మిది నిమిషాలు ఉంది. మీ ఆయన మళ్ళీ దిగినదై ఉండొచ్చు. లేదా నేను ఈ గొట్టంలో పరీక్ష చేసినదై ఉండొచ్చు. పరీక్ష చేశానో లేదో నాకు గుర్తు లేదు. తప్పు నాది."

"గుర్తు లేకపోవడమేంటి బాబాయ్? పొద్దున్న సంగతే కదా!"

"అదేనమ్మా నా ఖర్మ."

"మూడేళ్ళు ఆలోచించాను. ఇక్కడికి రావడానికి మూడేళ్ళు పట్టింది. మీరేమో..." అంటూ గోడకి ఆనుకుంది. కోపంతో ఏడుస్తోందో, ఏడుపుతో కోప్పడుతోందో తెలియలేదు. తిట్టినా బాగుండేది. నేను వెళ్ళి పట్టుకుందామనుకుని, ఏ మొహంతో పట్టుకోవాలో తెలియక ఆగిపోయాను.

మా ఆయన ఏం చెయ్యాలో తోచక ఆ గడియారం మీట నొక్కుతూనే ఉన్నాడు. లోతు, నిమిషాలు, లోతు, నిమిషాలు. ఒకసారి వేలు తీయడం మరిచిపోయి మీటని కాసేపు అలాగే నొక్కి ఉంచాడు. ఎప్పుడూ చూడని ఇంకో అంకె వచ్చింది. ఇరవై.

"ఇదేంటి? ఇరవై మీటర్లా?"

"పద్దెనిమిదన్నారుగా," అన్నాను.

"ఇరవై నిమిషాలా?"

"తొమ్మిదన్నారుగా!"

దాని ముందు మునకకి కూడా అలాగే నొక్కి చూశాడు. అక్కడా ఇరవై. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా వీటి పొట్టలు కోస్తున్నాడు, ఏ అంకె ఏమిటో తెలియదు. నేనే ఫోన్ లాక్కుని పొడుగాయనకి చేశాను. ఆయన పడవ మీద ఉన్నట్టున్నాడు, గాలి హోరు.

"అది నీళ్ళ వేడి అమ్మా! ఎంత చల్లటి నీళ్ళలో దిగామో అది చెబుతుంది. మన రేవులో ఆ లోతున ఏడాది పొడుగునా ఇరవై డిగ్రీలకి అటూ ఇటూనే!"

ఫోన్ పెట్టేసి గొట్టం మూత తీసి చెయ్యి ముంచాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. పొద్దుటి నుంచి కిటికీ ఎండలో ఉన్నాయవి.

"ఏమండీ, పొద్దున్న గొట్టంలో పెట్టిన వేరే గడియారం తీయండి. ఇదే రకంది. అందులో చివరి మునక వేడి ఎంతుందో చూడండి."

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఆయన తడబడుతూ బడివాళ్ళది ఒకటి అందుకుని నొక్కాడు. పంతొమ్మిది మీటర్లు, తొమ్మిది నిమిషాలు. మీట నొక్కి పట్టుకున్నాడు. ఇరవై ఎనిమిది.

ఇంకోటి తీశాడు. ఇరవై ఎనిమిది. ఇంకోటి. ఇరవై తొమ్మిది.

ఆ అమ్మాయి గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది. తన గడియారం తానే తీసుకుని తానే నొక్కింది. చాలాసేపు చూసింది.

"ఇది గొట్టం కాదు," అంది.

"కాదమ్మా. నేనసలు గొట్టంలో పెట్టనే లేదు," అన్నాడు మా ఆయన. ఒక గడియారాన్ని పరీక్ష చెయ్యడం మరిచిపోయినందుకు ఆయన అంత సంతోషించడం నేనెప్పుడూ చూడలేదు.

నేననుకున్నట్టు ఆ మొహం వెలగలేదు. ఇంకా గందరగోళంగా అయింది. "మళ్ళీ దిగితే మరి చెప్పలేదేం? నేను నానా మాటలూ అన్నాను పిన్నీ. పిరికివాడన్నాను. హంతకుడన్నాను. దిగాను అని ఒక్క మాట అంటే అయిపోయేది కదా!" అంటూనే ఫోన్ తీసింది. "ఒకసారి గడియారాల కొట్టుకి రా. ఇప్పుడే," అని పెట్టేసింది.

యార్డు మా వీధి చివరే. పది నిమిషాల్లో వచ్చాడు. భారీ మనిషి, భుజాలు ముందుకి వంగిపోయి ఉన్నాయి. గుమ్మం దాటలేదు. బల్ల మీద వెలుగుతున్న తన గడియారాన్ని చూసి చూపు దించుకున్నాడు.

"రెండోసారి దిగావా?" అని అడిగింది.

బల్ల మీది గడియారం తీసి చూపించింది.

"దీంట్లో ఉంది. తొమ్మిది నిమిషాలు. దిగావా?"

"దిగాను."

"మరి ఎందుకు చెప్పలేదు? మూడేళ్ళు నన్నెందుకు అలా అనుకోనిచ్చావు? నీకు పిచ్చా? నాకు పిచ్చెక్కించాలనా?"

అతను తలుపు చెక్క పట్టుకున్నాడు.

"వాడు దొరికాడు," అన్నాడు.

ఆ అమ్మాయి గడియారాన్ని బల్ల మీద పెట్టేసింది.

"పైన సగం గాలి ఉన్న సిలిండరు ఒక్కటే ఉంది. అదే తగిలించుకుని దిగాను. మట్టి లేచి ఏమీ కనిపించలేదు. తడుముతుంటే చెయ్యి దొరికింది. నేనే అని తెలిసి గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికింకా ఉన్నాడు. లాగాను. తీగలు కోశాను, కత్తి జారిపోయింది. మళ్ళీ లాగాను. నా గాలి అయిపోతోంది. వేళ్ళు... వాడి వేళ్ళు నేనే విడదీసుకుని పైకొచ్చాను." ఊపిరి తీసుకున్నాడు. "దిగలేదనుకుంటే నన్ను తిడతావు, అంతే. ఇది ఎలా చెప్పను నీకు?"

మా ఆయన కళ్ళద్దాలు తీసేశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. దిగాడంటే మంచివాడు, దిగకపోతే చెడ్డవాడు అని ఆ పూటంతా తూచుతూ కూర్చున్నాను. ఇప్పుడు దీన్ని ఎటు తూచాలో నాకు తెలియలేదు. ఈ రోజుకీ తెలియదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. అతని దగ్గరికి వెళ్ళింది.

"ఏ చెయ్యి?" అంది.

అతనికి అర్థం కాలేదు.

"నీ ఏ చెయ్యి పట్టుకున్నాడు?"

కుడి చెయ్యి కొంచెం ముందుకి చాచాడు. ఆ చేతిని రెండు చేతులతో అందుకుంది. వేళ్ళు ఒక్కొక్కటీ పట్టి చూసింది, ముడుచుకున్న వేళ్ళని తెరిచి, మళ్ళీ తన చేతుల్లో మూసింది. అలా ఎంతసేపు నిలబడ్డారో నేను చెప్పలేను. వీధిలో పోయేవాళ్ళు చూసుకుంటూ పోయారు.

"పద," అంది చివరికి.

"ఎక్కడికి?"

"అమ్మ దగ్గరికి. ఆఖరి ఘడియలో వాడి పక్కన ఎవరూ లేరని అమ్మ ఏడవని రోజు లేదు. ఈ మాట నువ్వే చెప్పాలి, ఇలాగే చెప్పాలి. నేను పక్కన కూర్చుంటాను."

అతను కదల్లేదు. "కొడుకు వేళ్ళు విడదీశానని అమ్మకి చెప్పమంటావా?"

"వాడి చేతిలో నీ చెయ్యి ఉందని ముందు చెప్పు. తర్వాత అదీ చెప్పు," అని, ఆ చెయ్యి వదలకుండానే మెట్టు దిగింది.